చక్రానికి తగిలించిన చెప్పు

పురుగుకి చలేస్తే మేనేజరుకి జ్వరమొస్తుందని ఆ ఫ్యాక్టరీలో ఒక మాట ఉంది. పురుగంటే కంటికి కనపడేది కాదు. తోలు మీది వెంట్రుకని కుదుళ్లతో సహా ఊడబెరికే రసం ఒకటుంది. ఆ రసాన్ని తయారుచేసేలా ల్యాబులో లోపలి రాత మార్చిన సూక్ష్మజీవి అది. రెండు మేడల ఎత్తు స్టీలు ట్యాంకుల్లో దానికి చక్కెర నీళ్లు తాగించి, గాలి ఊది, అర డిగ్రీ కూడా తేడా రాకుండా వెచ్చగా పెట్టి పెంచుతారు. అది కక్కిన రసాన్ని వడగట్టి తోళ్ల కార్ఖానాలకి అమ్ముతారు. ఇక ఆ కార్ఖానాల్లో సున్నం అక్కర్లేదు, ఘాటు మందులక్కర్లేదు, ఏరు నల్లబడదు. మంచి పనే, ఎవరు కాదన్నారు? గేటు మీద ఆకుపచ్చ బోర్డు అదే చెబుతుంది. ఆ ట్యాంకులోకి దిగి గోడలు గీకే మనిషి గురించి మాత్రం బోర్డు మీద రాయలేదు. చోటు చాల్లేదు కాబోలు.

ఆ ఉదయం నాలుగో నంబరు ట్యాంకు ఖాళీ అయింది. లోపల అంగుళం మందాన పేరుకున్న అట్ట గీకి కడగాలి. కడిగాక ఆవిరి పట్టి లోపలున్న ప్రతి క్రిమినీ చంపాలి. ఆ తర్వాతే ల్యాబులో పెంచిన కొత్త పురుగు విత్తనం పోస్తారు.

ఆవిరి వాల్వుల దగ్గర పదకొండేళ్లుగా నిలబడే ఆవిడని అక్కడ అందరూ వాల్వక్క అంటారు. ట్యాంకులు కడిగే అతను ఆమెకి స్వయానా మరిది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమె ఉంటున్నది ఆ మరిది ఇంట్లోనే, ముందు గదిలో.

మరిది గోకుడు కత్తి భుజాన వేసుకొచ్చి, కుడికాలి చెప్పు విప్పి, నాలుగో నంబరు ఆవిరి చక్రానికి తగిలించాడు.

"వదినా, ఇదిగో నా ప్రాణం. నీ చేతిలో పెట్టి పోతున్నా."

"నీ ప్రాణం కంపు కొడుతోందిరా. కాస్త కడిగి తగిలించకూడదూ?"

"కడిగితే తెగిపోతుంది. నిన్ననే కుట్టింది మీ చెల్లి, నైలాను దారంతో. చొక్కాకి గుండీ కుట్టమంటే నెల పడుతుంది, చెప్పు మాత్రం కూర్చున్న చోటే కుట్టేసింది."

"చొక్కా లేకపోయినా ఇంటికొస్తావు. చెప్పు లేకపోతే రాలేనని వంక పెడతావు. అందుకు."

అతను నవ్వుకుంటూ ట్యాంకు వెనక్కి వెళ్లాడు. నిచ్చెన అటువైపుంది. ఎడమ చెప్పు నిచ్చెన కింద వదిలేసి, వట్టికాళ్లతో పైకెక్కి, మూతలోంచి లోపలికి దిగాడు. కాసేపటికి స్టీలు మీద ఇనుము గీరుతున్న చప్పుడు మొదలైంది.

ట్యాంకులో మనిషున్నాడని చెప్పడానికి కంపెనీ దగ్గర తాళాలున్నాయి, ఎర్ర బిళ్లలున్నాయి. అన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు చూపిస్తారు. బీరువా తాళం మేనేజరు జేబులో ఉంటుంది. అందుకని కూలివాళ్లే ఒక చట్టం చేసుకున్నారు. లోపలికి దిగేవాడు తన చెప్పు ఆవిరి చక్రానికి తగిలిస్తాడు. పైకొచ్చాక తనే తీసి తొడుక్కుంటాడు. చెప్పున్న చక్రం మీద దేవుడొచ్చి చెప్పినా చెయ్యి వెయ్యకూడదు. ఇన్నేళ్లలో ఎవరికీ ఒళ్లు కాలలేదు.

ఇంతలో వెనక వరసలో ఆరో నంబరు పొంగు మీదికొచ్చింది. పురుగు బాగా తిని బలిసినప్పుడు ట్యాంకులో నురగ లేస్తుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే గాలి గొట్టంలోకి ఎక్కి వడపోతలన్నీ నాశనం చేస్తుంది. వాల్వక్క పరుగున పోయి నూనె కొళాయి తిప్పింది. ఒకేసారి పోస్తే పురుగుకి ఊపిరాడదు, చుక్క చుక్కగా వెయ్యాలి. చిన్న అద్దంలోంచి నురగ వంకే చూస్తూ నిలబడింది. లేస్తుంది, వంగుతుంది, మళ్లీ లేస్తుంది. పావుగంట పట్టింది. హాలు ఆ చివర తెల్లకోట్లు వేసుకున్న నలుగురు కొత్తవాళ్లని మేనేజరు వెంటబెట్టుకుని తిప్పుతుండడం కంటి కొసన కనబడింది. సరుకు కొనే పెద్దలని నిన్నటినుంచీ అనుకుంటున్న మాటే.

హాలు ఇన్‌ఛార్జి రొప్పుతూ వచ్చాడు.

"ఎక్కడ చచ్చావు? అక్కడ విత్తనం ముదిరిపోతోంది. వాళ్లు చూస్తుండగా పొయ్యాలన్నారు సారు. నాలుగోదానికి ఆవిరివ్వు, త్వరగా!"

"మనిషి పైకొచ్చాడా సార్?"

"పైన మూత కూడా వేసేశారు."

ఆమె నాలుగో నంబరు ముందుకొచ్చింది. చక్రం ఖాళీగా ఉంది. ఎవరో తుడిచినట్టు మెరుస్తోంది.

"చూశావుగా? చెప్పుందా? లేదుగా? ఇంకేం, ముహూర్తం కావాలా?"

రెండడుగులు పక్కకి వేస్తే నిచ్చెన కింద ఎడమ చెప్పు కనపడేది. స్పానరుతో ట్యాంకు మీద ఒక్కటి కొడితే లోపల్నుంచి జవాబొచ్చేది. ఆమె రెండూ చెయ్యలేదు. చెప్పు లేకపోతే మనిషి లేడు. పదకొండేళ్లుగా కళ్లకి అలవాటైన లెక్క అది. రెండు చేతులతో చక్రం పట్టుకుని తిప్పింది. మూడు చుట్లు.

గొట్టం దడదడలాడింది. ఆవిరి బుసకొట్టింది. ఆ బుసలోంచి లోపల ఎవరో గుద్దినట్టు ధబ్బుమంది. మళ్లీ ధబ్బుమంది. తర్వాత ఒక కేక. స్టీలు గోడలకి కొట్టుకుని బయటికొచ్చిన ఆ కేక మనిషిదో మృగానిదో తెలియలేదు.

ఒక్క ఊపులో తెరుచుకున్న మూడు చుట్లు మూసేటప్పటికి ఎంతకీ తరగలేదు.

మూత సగమే వేసి ఉంది. ఉడికే ఆవిరిలో లోపలి మెట్లు పట్టుకుని మరిది తనంతట తనే పైదాకా వచ్చాడు. తల బయట పెట్టాక చేతులు వదిలేశాయి. వాల్వక్క నిచ్చెనెక్కి పోయి మణికట్టు దగ్గర పట్టుకుని లాగింది. చెయ్యి రాలేదు. తోలొచ్చింది. తొడుగు విప్పినట్టు మోచేతినుంచి వేళ్లదాకా జారి ఆమె గుప్పిట్లోకి వచ్చింది. వెచ్చగా, తడిగా ఉంది. అది ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. ఇంకో ఇద్దరొచ్చి చంకల్లో చేతులేసి అతన్ని బయటికి ఈడ్చారు. కనురెప్పలు అతుక్కుపోయాయి. నోరు మాత్రం తెరిచే ఉంది, అందులోంచి ఆవిరొస్తోంది.

కింద మేనేజరు కొత్తవాళ్లని రెండు చేతులూ చాచి అవతలికి మళ్లిస్తున్నాడు. "చిన్న లీకేజీ. ఏం లేదు. ఇటు రండి, ఇటు."

విత్తనం పాడవలేదు. అప్పటికే సిద్ధంగా ఉన్న ఐదో నంబరులో పోశారు. అందరూ చప్పట్లు కొట్టారట.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. ఆసుపత్రి వరండాలో తోడికోడలు ఎదురుగా వస్తుంటే వాల్వక్క లేచి నిలబడింది. ఏదో చెబుదామని నోరు తెరిచింది. చెవిలో గుయ్యిమంది. రెండో దెబ్బ ముక్కు మీద. జుట్టు పట్టి గోడకేసి కొట్టింది. పద్నాలుగేళ్లుగా అక్కా అని తప్ప పిలవని నోరు.

"నీ చేతులు పడిపోను! ఆ చేతుల్తోనే కదే తిప్పావు! పెట్టిన అన్నం తిన్నావు, ఇచ్చిన గదిలో పడుకున్నావు, నా మొగుణ్ణి ఉడకబెట్టావు కదే!"

వాల్వక్క చేతులు అడ్డం పెట్టలేదు. అడ్డం పెట్టడానికి ఆ చేతులకి మొహం లేదనిపించింది. ముక్కులోంచి కారుతున్న నెత్తురు పెదాల మీదికి వచ్చింది. తుడుచుకోలేదు. నర్సు వచ్చి మధ్యలో దూరి, "ఇది ఆసుపత్రమ్మా, సంత కాదు" అని అరిచి ఇద్దర్నీ చెరో బల్ల మీదికి తోసింది.

సాయంత్రం అదే నర్సు ఒక సంచి తెచ్చి తోడికోడలి ఒళ్లో పెట్టింది. అతని ఒంటి మీంచి కత్తిరించి తీసిన చొక్కా, ఇంటి తాళంచెవి, ఎడమకాలి చెప్పు.

"రెండోదేది?" అంది తోడికోడలు, ఏదో ఒకటి అడగాలన్నట్టు.

"నిచ్చెన దగ్గర ఇదొక్కటే దొరికిందటమ్మా."

ఎదుటి బల్ల మీద వాల్వక్క తల ఎత్తింది. మనిషి ఒంటి చెప్పుతో పనికి రాడు. పొద్దున ఆమె కళ్ల ముందే తగిలించాడు. తీసి తొడుక్కునేది అతనే. అతనేమో లోపలే ఉన్నాడు. మరి కుడి చెప్పు తనంతట తను ఎక్కడికి నడిచిపోయింది?

మర్నాడు పొద్దున్నే పిలిపించారు. ఇన్‌ఛార్జి గదిలో ఆమెకి కుర్చీ వేశారు. ఆ గదిలో ఆమెకి కుర్చీ వెయ్యడం అదే మొదలు. తలుపు దగ్గర గేటు కాపలాదారుల పెద్ద నిలబడ్డాడు. దున్న అంటారు వాణ్ణి. వాడి ముందు అనరు.

ఇన్‌ఛార్జి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేనట్టుంది.

"నీకేం కాకుండా చూడమని సారుకి చెప్పానమ్మా. ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడో సంతకం పెట్టు, ఇంటికెళ్లి పడుకో."

ఆమె చదివింది. ట్యాంకు కడిగే కార్మికుడు హెచ్చరిక ఏర్పాటు చేసుకోకుండా తన అజాగ్రత్త వల్ల లోపలికి దిగాడని, తాను స్వయంగా చూశానని రాసి ఉంది.

"ఇందులో చెప్పు మాట లేదే?"

"చెప్పులూ గిప్పులూ కాగితం మీద రాస్తామా? పరువుండాలి కదా."

"అతను తగిలించాడు సార్. నా ముందే తగిలించాడు."

"తగిలిస్తే నువ్వెలా తిప్పావు?" ఇన్‌ఛార్జి గొంతు మెత్తగానే ఉంది. "ఆలోచించుకో. తగిలించాడంటే చూసి కూడా తిప్పావని అర్థం. చంపావని అర్థం. తగిలించలేదంటే అతని ఖర్మ. నీకే మంచిదో నువ్వే చెప్పు."

వాల్వక్క అతని మొహంలోకి చూసింది. "మీరు తీశారా సార్?"

అతని చూపు టక్కున కిటికీ మీదికి పోయింది. ఆమెకి అది చాలు.

దున్న వెనకనుంచి వచ్చి ఆమె మెడ పట్టుకుని బల్ల మీదికి వంచాడు. రెండో చేత్తో సొరుగు లాగి, ఆమె చెయ్యి అందులోకి నెట్టబోయాడు.

"కుడిది వద్దురా," అన్నాడు ఇన్‌ఛార్జి కిటికీలోంచి బయటికే చూస్తూ. "సంతకం ఉంది."

దున్న ఎడమ చెయ్యి పెట్టాడు. మోకాలితో సొరుగుని తన్నాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆమె కేక బల్ల చెక్కలోకి పోయింది. వాడు సొరుగు లాగి మళ్లీ తన్నాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ గోళ్ల దగ్గర పగిలి కాగితాల మీద ఎర్రగా పడింది. ఇన్‌ఛార్జి సంతకం కాగితాన్ని ముందే పక్కకి జరిపి ఉంచాడు.

"రెండు రోజులు టైమిస్తున్నా," అన్నాడు. "విచారణకి ఆఫీసరొస్తాడు. ఆలోపు మనసు మార్చుకో."

బయట కొళాయి కింద చెయ్యి పెట్టి నిలబడింది. నీళ్లు తగిలితే ప్రాణం పోయినట్టుంది. పక్క కొళాయి దగ్గరికి ల్యాబ్ అమ్మాయి వచ్చి, సీసా కడుగుతున్నట్టు నటించింది. ట్యాంకుల్లోంచి శాంపిళ్లు తీసుకుపోయే పిల్ల.

"అక్కా, నేను చెప్పానని అనొద్దు. నీకు దణ్ణం పెడతాను."

"చెప్పు."

"ఆ వచ్చినవాళ్లలో ఒకాయన చక్రానికి చెప్పు వేలాడుతుంటే చూసి నవ్వాడు. ఫోటో తీయబోయాడు. మేనేజరు సారు మొహం మాడిపోయింది. ఏమిటీ అసహ్యం, తీసెయ్ అన్నాడు. ఇన్‌ఛార్జి సారు చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో తీసి మడ్డి డ్రమ్ములో పడేశాడు. చక్రం రుమాలుతో తుడిచాడు. నేను పక్కనే ఉన్నా."

"లోపల మనిషున్నాడని నీకు తెలీదా?"

ఆ పిల్ల కొళాయి కట్టేసింది. "తెలుసక్కా. గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది."

వాల్వక్క బాగున్న చెయ్యి లేచింది. చెంప మీద పడిన దెబ్బకి సీసా కిందపడి ముక్కలైంది. ల్యాబ్ అమ్మాయి ఏడవలేదు. కూర్చుని గాజుముక్కలు ఏరుకుంటూ, "ఇంకోటి కొట్టక్కా," అంది. వాల్వక్క కొట్టలేదు. తను కూడా ఆ చప్పుడు వినే ఉండాల్సింది. ఆరో నంబరునుంచి తిరిగొచ్చేటప్పుడు చప్పుడుందా లేదా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు.

మడ్డి డ్రమ్ము హాలు వెనక, గోడ వారన ఉంది. రసం వడగట్టాక మిగిలిన పిప్పి అందులో వేస్తారు. పిప్పే గానీ దాన్లో బలం చావదు. గంటల లెక్క దాటి నానితే వెంట్రుకతో ఆగదు, తోలునీ తింటుంది. రోజంతా ఎండకి వెచ్చబడి బుడగలు లేస్తోంది. ఆమె మోచేతులదాకా చేతులు ముంచింది. పగిలిన వేళ్లలోకి రసం పోయి కారం కూరినట్టు మండింది. పళ్లు కరిచిపట్టి అడుగుదాకా దేవింది. ముద్దలు, దారాలు, ఒక చిరిగిన వడపోత గుడ్డ. ఆఖరికి ఏదో వేళ్లకి తట్టుకుంది.

చెప్పని చెబితేనే తెలుస్తుంది. అట్ట మెత్తబడి గంజి అడుగులా అయిపోయింది. పట్టుకుంటే జారిపోతోంది. మడమ దగ్గర నాలుగు మేకులున్నాయి. వాటితో పాటు నైలాను దారం ఉంది. దారాన్ని ఆ రసం ఏమీ చెయ్యలేకపోయింది. ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ముడులు పట్టుకోవాల్సిన తోలే లేదు.

గుడ్డలో చుట్టి రవిక లోపల పెట్టుకుంది. దాన్ని ఏ ఆఫీసరుకి చూపించినా చెత్త అంటాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

సాయంత్రం ఆసుపత్రికి పోయేసరికి ఇన్‌ఛార్జి వార్డులోంచి బయటికొస్తున్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు. ఆమెని చూసి, పగిలిన వేళ్లని చూసి, పక్కకి తప్పుకుని పోయాడు. లోపల మంచం పక్కన తోడికోడలు చేతిలో ఒక కవరు పట్టుకుని నిలబడి ఉంది. కవరు మీద కంపెనీ ఆకు బొమ్మ.

"వినుకో," అంది వాల్వక్క వైపు తిరక్కుండానే. "ఆయనే చెప్పాడు. చెప్పు తగిలించడం మర్చిపోయానని నోటితో చెప్పాడు, ఫోనులో తీసుకున్నారు. నిన్ను కొట్టినందుకు నాకు పాపం తగులుతుందేమో." ఆ మాటలో పశ్చాత్తాపం లేదు. నీళ్లు తేవడానికి బయటికి పోయింది.

మరిది మొహమంతా గుడ్డలే. నోటి దగ్గర, డాక్టర్లు రెప్ప విడదీసిన ఒక కంటి దగ్గర సందు మాత్రం వదిలారు. వాల్వక్క వంగింది.

"తగిలించావు కదరా."

నోటి సందులోంచి గొంతొచ్చింది. "వదినా... వేళ్లకేమైంది?"

"తలుపులో పడ్డాయి. నువ్వు తగిలించావు. నేను చూశాను. ఎందుకలా చెప్పావు?"

"మీ చెల్లికి ఉద్యోగం ఇస్తారట. నీ మీద కేసు పెట్టరట. నేనెటూ... మిగిలేవాణ్ణి కాదు. మాట మిగులుతుంది కదా, దాన్నన్నా అమ్ముకుందామని."

"ఎవడన్నాడు?"

"ఇన్‌ఛార్జి. ఏడ్చాడు పాపం."

"వాడు తీశాడురా ఆ చెప్పు."

గుడ్డల కింద ఏం జరిగిందో తెలియలేదు. ఊపిరి ఒకసారి ఆగి మళ్లీ వచ్చింది. "అయితే మాత్రం... తీసినవాడు బాగానే ఉంటాడు. ఇరుక్కునేది నువ్వే. నా మీద ఒట్టు వదినా. నోరెత్తకు."

చెయ్యి పట్టుకుందామంటే పట్టుకోవడానికి చెయ్యి లేదు. మంచం ఇనప చువ్వ పట్టుకుని నిలబడింది. తెల్లారేసరికి అతను పోయాడు.

మట్టి చేసి వచ్చాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. మధ్యలో ఒక గోడ, ఒక పొయ్యి. పొయ్యి వెలగలేదు. తోడికోడలు గుమ్మంలో కూర్చుని కవరు మడతలు సాపు చేస్తోంది. వాల్వక్క గుడ్డ విప్పి ఆమె ముందు నేల మీద పెట్టింది.

"ఏమిటిది? ఏం కంపిది?"

"అతని చెప్పు. తగిలించే దిగాడు. ఇన్‌ఛార్జి తీసి మడ్డిలో పడేశాడు. మన కోసం అబద్ధం చెప్పి పోయాడు నీ మొగుడు."

తోడికోడలు చేతికందిన ఇత్తడి చెంబు విసిరింది. నుదురు చిట్లింది. లేచొచ్చి మీదపడి, రెండు మోకాళ్లూ గుండెల మీద ఆనించి, గొంతు పట్టుకుంది.

"చచ్చినవాణ్ణి అబద్ధాలకోరుని చేస్తావా? నీ ప్రాణం దక్కించుకోడానికి ఇంకా ఏం తింటావే? నా మొగుణ్ణి తిన్నావు, వాడి మాట కూడా తింటావా?"

"నా ప్రాణం దక్కేది... నోరు మూసుకుంటేనే," అంది వాల్వక్క, ఊపిరాడక. "ముడులు చూడు."

ఎంతసేపటికో గొంతు మీద పట్టు సడలింది. తోడికోడలు నేల మీది ముద్దని వేలితో కదిపింది. దారం లాగింది. ముడి పక్కన ముడి. ప్రతి ముడికీ రెండు మెలికలేసి, పైనించి ఒక కుట్టు వెనక్కి తిప్పి, కొస పళ్లతో కొరికి ఉంది. అలా కుట్టేవాళ్లు ఆ వీధిలో ఇంకొకరు లేరు. కొరికిన కొసలు చదునుగా ఉన్నాయి, పళ్ల గుర్తులతో. వేళ్ల మధ్య పెట్టి ఒక్కొక్కటే తడిమింది. దారాన్ని గుప్పిట్లో పెట్టుకుని, లేచి లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. గోడ ఇవతల వాల్వక్క నుదుటికి పైట అదిమిపెట్టుకుని కూర్చుంది. అవతలనుంచి ఏడుపు వినపడుతుందేమోనని చూసింది. ఏమీ వినపడలేదు.

విచారణ మేనేజరు గదిలో పెట్టారు. చల్లగా ఉంది గది. కార్మిక శాఖ ఆఫీసరు, పక్కన రాసుకునే గుమాస్తా, బయట వరండాలో ఇద్దరు పోలీసులు. తోడికోడలిని మేనేజరు పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లో కవరుంది. వాల్వక్కకి కుర్చీ లేదు.

ఫోనులోంచి చచ్చిపోయిన మనిషి గొంతు వచ్చింది. "చెప్పు తగిలించడం... మర్చిపోయాను. ఎవరి తప్పూ లేదు." ఆఫీసరు తల ఊపాడు. తోడికోడలు కళ్లు ఎత్తలేదు.

ల్యాబ్ అమ్మాయిని పిలిచారు. చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా పోలేదు. వాల్వక్కని చూసింది, గుమ్మంలో నిలబడ్డ దున్నని చూసింది. "నేనేం చూడలేదు సార్. శాంపిల్ తీసుకుంటున్నా," అని వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

"ఇక నువ్వు. సంతకం పెట్టలేదట, ఏం?" అన్నాడు ఆఫీసరు వాల్వక్కతో.

వాల్వక్క ముందే పదిసార్లు మనసులో చెప్పుకుని వచ్చింది. నోరు తెరిచేసరికి అవన్నీ పోయాయి.

"అతను తన మీద ఒట్టు పెట్టాడు, చెప్పొద్దని. తప్పుతున్నాను. చెప్పు తగిలించాడు. నేను ఆరో నంబరు దగ్గరికి పోయినప్పుడు మేనేజరు సారు తీయమంటే ఇన్‌ఛార్జి సారు తీశాడు. మనిషి బయటికొచ్చాడని నాతో అబద్ధం చెప్పాడు. నేను నమ్మాను. వెనక్కి పోయి చూడలేదు, తట్టి చూడలేదు. తిప్పింది నేనే. నన్నొదిలెయ్యమని అడగడం లేదు. నాతో పాటు వాళ్లనీ రాయండి."

మేనేజరు నవ్వినట్టు దగ్గాడు.

"విన్నారుగా సార్. తిప్పింది తనేనని ఒప్పుకుంది. మిగతాదానికి సాక్ష్యం ఏదీ? పోయినవాడే కాదన్నాడు."

గుమాస్తా కలం పరిగెత్తి ఒకచోట ఆగింది. వాల్వక్కకి తలకిందులుగా చదవడం వచ్చు. 'ఆవిరి తెరిచింది తానేనని నేరం అంగీకరించినది.' అక్కడ చుక్క పెట్టాడు. మిగతా మాటలకి సిరా ఖర్చు పెట్టలేదు.

"అంతేనా? నేను ఇంకా చెప్పాను."

"అది విచారిస్తాం," అన్నాడు ఆఫీసరు లేస్తూ. మేనేజరు తోడికోడలి వైపు వంగి, "అమ్మా, నీకు న్యాయం జరిగింది. సోమవారం నుంచి పనిలోకి రా. రసం ఎండబెట్టే పౌడరు గదిలో కూర్చుని చేసే పనే," అన్నాడు. ఆమె తల ఊపిందో లేదో తెలియలేదు.

దున్న వాల్వక్క జబ్బ పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. పనివాళ్లు హాలు తలుపు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు వాడు ఆమె కట్టు కట్టిన వేళ్లు ఒకసారి నొక్కి వదిలాడు. ఆమె అరవలేదు. వాడి మొహాన ఉమ్మేసింది. వాడి దెబ్బకి మెట్ల మీద పడింది. పోలీసాయన వచ్చి, "చాల్లే, ఇక మాదీ పని," అని ఆమెని లేపి జీపు వెనక ఎక్కించాడు. ఇన్‌ఛార్జి తలుపు దగ్గరే నిలబడ్డాడు. అతన్ని ఎవరూ ఎక్కమనలేదు.

జీపు కదలబోతుంటే తోడికోడలు మెట్లు దిగి వచ్చింది. పరిగెత్తలేదు. వెనక తలుపు మీద అరచేత్తో చరిచింది. పోలీసాయన తీశాడు. చెప్పకుండానే ఎక్కి వాల్వక్క ఎదురు బల్ల మీద కూర్చుంది.

"నువ్వెందుకమ్మా? దిగు. మీ ఆయన్ని చంపింది ఈమేగా, తీసుకెళ్తున్నాంగా."

"తిప్పింది ఇదే," అంది తోడికోడలు. గొంతు బొంగురుగా ఉంది. "పక్కకి తిరిగి చూడకుండా తిప్పింది. దీని సంగతి ఇంట్లో నేను చూసుకుంటాను. బతికినంతకాలం చూసుకుంటాను. చెప్పు తీసినవాడి సంగతి ఎక్కడ రాస్తారు? అక్కడికి పోనివ్వండి."

"మీ ఆయనే చెప్పాడు కదమ్మా, తగిలించలేదని."

"నా మొగుడు అబద్ధం చెప్పాడు. ఆ మాట నేను రాయిస్తాను. ఆ చెప్పు కుట్టింది నేను. దాని దారం నా దగ్గరుంది."

మెట్ల మీద మేనేజరు, వెనకాలే ఇన్‌ఛార్జి వచ్చి నిలబడ్డారు. "అమ్మా, కంగారు పడకు. దిగు, మాట్లాడుకుందాం," అన్నాడు మేనేజరు. హాలు తలుపు దగ్గరి గుంపు ఒక్కో అడుగే జీపు వైపు జరుగుతోంది. దున్న వాళ్ల వంక చూశాడు గానీ కదల్లేదు.

పోలీసాయన మేనేజరుని చూశాడు, గుంపుని చూశాడు, బుగ్గ గోక్కున్నాడు. "ఇప్పుడంటే ఎలాగమ్మా... ఫిర్యాదు రాసుకోడానికి కాగితాలు కూడా..."

తోడికోడలు ఒళ్లో కవరు తెరిచి, ఉద్యోగం కాగితం తీసి, తిరగేసి అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో. వెనక ఖాళీగానే ఉంది. రాసుకోండి."